ఎర్మెలిందా సొరంగంలోకి దిగిన రోజు

పాంపేయి శిథిలాల్లో గైడు లైసెన్సు ఉన్నవాళ్లం ఆ రోజుల్లో ఇరవై ముగ్గురం. అందరిలోకీ బాగా చదువుకున్నది ఎర్మెలిందా లాంజెల్లా. అందరిలోకీ పిరికిదీ ఆవిడే. నాకన్నా ఆరేళ్లు పెద్ద. పని నేర్పింది ఆవిడే కాబట్టి నేను చివరిదాకా అక్కా అనే పిలిచాను.

వాళ్ల నాన్న అనియెల్లో నూతులు తవ్వేవాడు. చిన్నప్పుడు ఆయనకి సద్ది తీసుకెళ్లి గట్టు మీద కూర్చుని, ఆయన పైకొచ్చేదాకా లోపలికి తొంగిచూడకుండా కళ్లు మూసుకునేదట. పెద్దయ్యాక కుక్కలంటే భయం, పై అధికారులంటే భయం. అన్నిటికన్నా ఎదుటి మనిషికి కాదని చెప్పడమంటే మరీ భయం. 1980 నవంబరులో, ఆదివారం సాయంత్రం భూమి తొంభై సెకన్లు ఊగింది చూడండీ, ఆ తర్వాత భయం ఆవిడకి ఉద్యోగమైపోయింది. వాళ్ల వంటింటి కప్పు అన్నం బల్ల మీద కూలింది. తల్లీ కూతుళ్లు గుమ్మం కింద నిలబడి బతికారు. అప్పట్నించీ బూట్లు విప్పకుండా పడుకునేది. వీధిలో లారీ పోయి అలమరలో కప్పులు గలగలమంటే చాలు, మెట్ల మీదుండేది.

"మా పిల్ల భయాన్ని కట్టుకుంది," అనేది వాళ్లమ్మ బ్రిజీదా, చిక్కుడుకాయలు వలుస్తూ. "మంచి మొగుడేలే. ఒక్క పూట వదిలిపెట్టడు."

"నవ్వు అమ్మా, నవ్వు. కొండ కదిలిన్నాడు నిన్ను ఎత్తుకుని పరిగెత్తేది నేనే."

"నువ్వా? నువ్వు మొదటి మెట్టు మీదే మూర్ఛపోతావు. నేనే నీ మీంచి దాటుకుని పోవాలి."

ఊరి మీదున్న అగ్నిపర్వతాన్ని మేం కొండ అనే అంటాం, పేరు పెట్టి పిలవం.

భూకంపం తర్వాత శిథిలాల్లో సగం ఇళ్లు మూసేశారు. రెండువేల ఏళ్ల నాటి గోడలకి కొత్త దుంగలు ఆనించి నిలబెట్టారు. బస్సుల్లో వచ్చే జనం తగ్గిపోయారు. మాకు మిగిలిందల్లా ఎవరైనా ఒకరిద్దరు కావాలని గైడుని పెట్టుకుని ప్రత్యేకంగా చూడ్డానికి వచ్చేవాళ్లు. అలాంటివాళ్లు ఎర్మెలిందానే అడిగేవాళ్లు. వెనకటికి కొండ పేలి బూడిద ముంచుకొచ్చిన ఆ రెండు రోజుల కథ ఆవిడ చెబుతుంటే వినేవాళ్లు తమకు తెలీకుండానే వెనక్కి తిరిగి కొండ వైపు చూసేవాళ్లు. ఆవిడకి దాన్ని కథగా చెప్పడం రాదు. పొద్దున జరిగినట్టే చెప్పేది.

మరుసటి ఏప్రిల్లో సావేరియో అనే ఆయన వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. ఒంటె రంగు కోటు, మెత్తటి గొంతు. ఇంజనీరునన్నాడు. మా వైపు మంచి కోటు తొడుక్కున్న ప్రతివాడూ ఇంజనీరే కాబట్టి మేం పెద్దగా పట్టించుకోలేదు. వారం మధ్యలో, ఒంటరిగా వచ్చేవాడు. కెమెరా ఉండేది కాదు. మొదటిసారి గోడల పూత ఎంత మందమో అడిగాడు. రెండోసారి ఆ ఎరుపు రంగు దేంతో చేశారో అడిగాడు. మూడోసారి, "గోడ మీది బొమ్మని చెక్కు చెదరకుండా ఊడదియ్యాలంటే ఎలాగండీ ప్రొఫెసరమ్మ గారూ?" అన్నాడు. చదువుకున్న మనిషని ఆవిడని అలా పిలిచేవాడు.

ఆవిడ చెప్పింది. పాత తవ్వకాల్లో బొమ్మ మీద గుడ్డ అంటించి, జిగురు ఆరాక వెనకనుంచి పొడవాటి రంపంతో పూతని కోసేవాళ్లని. అది రహస్యమేం కాదు, పుస్తకాల్లో ఉన్నదే.

ఆ రోజు గేటు దగ్గర కాఫీ తాగుతూ నేనన్నాను: "అక్కా, ఆయన గోళ్లు చూశావా? కోటేమో దొరబాబు కోటు, గోళ్లేమో తోటపనివాడి గోళ్లు. నల్లటి బూడిద మట్టి."

"చూశాను."

"మరి?"

"మరేంటే? రావద్దని చెప్పనా? అంత మర్యాదగా మాట్లాడే మనిషితో ఎలా చెప్పను తెరెజీనా? నువ్వు చెప్పగలవా?"

నేను చెప్పగలను. కానీ ఆయన నా దగ్గరికి రాలేదు.

మే నెలలో ఒక గురువారం సావేరియో కారు గేటు ముందు ఆగింది. "మా మామయ్య పొలంలో నేలకింద చిన్న గది బయటపడింది. తవ్వకాల ఆఫీసులో దరఖాస్తు పెట్టే ముందు తెలిసినవాళ్లు ఒక్కసారి చూస్తే బాగుంటుంది. గంటలో తిరిగి దింపేస్తాను," అన్నాడు. ఎర్మెలిందా నా వైపు చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంటుంది. నన్ను ఏదో ఒకటి చెప్పమన్నట్టు చూసింది. నాకోసం అప్పుడే ఇద్దరు డచ్చివాళ్లు ఎదురు చూస్తున్నారు. నేను చెయ్యి ఊపి వాళ్ల దగ్గరికి పోయాను.

ఆ తర్వాత జరిగింది ఆవిడ చెప్పగా విన్నదే, కొంత అప్పుడు, కొంత ఏళ్ల తర్వాత.

కొండ పాదం దగ్గర ద్రాక్షతోటల మధ్య ఒంటరి ఇల్లు. వాకిట్లో ఒక ముసలావిడ స్టూలు మీద కూర్చుని బటానీలు ఒలుస్తోంది. పేరు కరోలినా. కారు ఆగినా తలెత్తలేదు. ఆ పొలం ఆవిడ మొగుడు పస్కాలేది. సావేరియోకి ఆయన మామయ్యా కాదు, ఏమీ కాదు. లోపల ద్రాక్షసారా పీపాలుండే నేలగది. పీపాల వెనక గోడకి ఒక రంధ్రం, వంగితే మనిషి పట్టేంత. దాని పక్కన తోరే అనే బండలాంటి మనిషి లాంతరు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

ఎర్మెలిందాకి అప్పుడు అర్థమైంది. దొంగ తవ్వకం. మా వైపు అలాంటివి ఉంటాయని అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు.

"నేను దిగలేనండీ," అంది. "నాకు మూసుకుపోయిన చోట్లంటే పడదు. భూకంపం తర్వాత మరీను."

సావేరియో నొచ్చుకున్నట్టు నవ్వాడు. "అయ్యో, అలా అనకండి ప్రొఫెసరమ్మ గారూ. పది నిమిషాలే కదా. అన్నట్టు మీ అమ్మగారికి ఒంట్లో ఎలా ఉంది? రెండో అంతస్తే కదూ, బాల్కనీ బీటలిచ్చిన ఇల్లు. మధ్యాహ్నం పూట తలుపు గొళ్లెం వెయ్యరు పాపం. పెద్దావిడ, ఒక్కర్తే ఉంటుంది."

ఆయన గొంతు పెంచలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది అనేది ఎర్మెలిందా. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్నేమో, ఆయన మెత్తగా మాట్లాడితే నా కాళ్లు వాటంతటవే వంగాయి అనేది.

మోకాళ్ల మీద పాకుతూ పోయారు. ముందు తోరే, వెనక సావేరియో, మధ్యలో ఆవిడ. పక్కలకి కొట్టిన చెక్కల సందుల్లోంచి నురగరాళ్లు గోతాంలోంచి జొన్నలు కారినట్టు జలజలా రాలుతున్నాయి. పైన ఎంత మట్టి ఉందో లెక్కకట్టకుండా ఉండటానికి మోకాలు ముందుకేసినప్పుడల్లా ఒకటీ రెండూ అని లెక్కపెట్టిందట. నలభై దాకా లెక్కపెట్టింది. తర్వాత అంకెలు మర్చిపోయింది.

సొరంగం ఒక గది గోడలో ఛాతీ ఎత్తున తెరుచుకుంది, దూకి దిగారు. నిలబడచ్చు. సగం ఇంకా బూడిదతో నిండే ఉంది. తోరే లాంతరు ఎత్తాడు.

నల్లటి గోడ. దాని మీద కూజా వంచి నీళ్లు పోస్తున్న ఒక ఆడమనిషి. చీలమండల దాకా పసుపు బట్ట, ఒక చెప్పు వదులైంది. కాళ్ల దగ్గర కొంగ, నీటి ధార కేసి మెడ సాచి. రెండువేల ఏళ్లుగా ఏ కళ్లూ పడని రంగులు. ఒక్క నిమిషం, నిజంగా ఒక్క నిమిషం, ఎర్మెలిందా తానెక్కడుందో మర్చిపోయింది. ఆ మనిషి ముఖంలో ఏదో చిరాకు ఉందట, ఎవరో పిలిచి పని పాడుచేసినట్టు.

అప్పుడు కొంగ రెక్క పక్కన అంటించిన గుడ్డ కనిపించింది. జిగురు వాసన. గోడ మూల రంపం కోత. తను చెప్పిన పద్ధతే.

"మొత్తం తియ్యడం కుదరదు," అన్నాడు సావేరియో. "ఏ ముక్కకి విలువెక్కువో మీరు చెప్పండి. ముఖమా, పిట్టా?"

ఏదో ఒకటి చెప్పి బయటపడాలి. ముఖం అంటే ముఖం పోతుంది. కొంగ అంటే కొంగ పోతుంది. తలనొప్పి మొదలైంది. ముక్కులో సోడా తాగినట్టు చురుక్కుమంటోంది. భయం వల్ల అనుకుంది.

గది మూల నిలువులోతు గొయ్యి ఉంది. నేల ఎక్కడుందో చూద్దామని పస్కాలే అందులో దిగి తవ్వుతున్నాడు. ఆయన దగ్గరున్న దీపం వెలుగు గొయ్యి అంచు మీద ఆడుతూ ఉండాలి. ఆడటం లేదు.

"కింద ఆయన దీపం ఎందుకు ఆర్పారు?" అంది.

"గాలికి ఆరిపోయి ఉంటుంది," అన్నాడు తోరే.

"ఇక్కడ గాలెక్కడిది?"

పారచప్పుడు కూడా లేదు. ఎప్పట్నించి లేదో ఎవరూ గమనించలేదు.

నూతిలోకి దిగే ముందు వాళ్ల నాన్న చేసేది గుర్తొచ్చింది. సంచీలోంచి కొవ్వొత్తి తీసి (భూకంపం నాటి నుంచీ కొవ్వొత్తి, అగ్గిపెట్టె లేకుండా ఇల్లు కదిలేది కాదు) వెలిగించి మెల్లగా కిందికి దించింది. ఛాతీ దగ్గర బాగానే ఉంది. నడుం దగ్గర మంట ఎర్రబడింది. మోకాలి దగ్గర, ఎవరో వేళ్లతో నలిపినట్టు ఆరిపోయింది.

"మొఫేటా!" అని అరిచింది.

కొండ కింద పుట్టినవాళ్లకి ఆ మాట విడమర్చి చెప్పక్కర్లేదు. కొండ వదిలే చెడ్డ ఊపిరి. కంటికి కనపడదు, నీళ్లలా పల్లానికి చేరి నిలుస్తుంది, అందులో పడుకున్నవాడు లేవడు. తోరే లాంతరుతో సహా సొరంగంలోకి దూరిపోయాడు. సావేరియో ఒక్క క్షణం ఆగాడు. ఆవిడ వైపు చూశాడు, గోడ వైపు చూశాడు. తర్వాత ఆయనా పోయాడు.

చీకటి. ఎర్మెలిందా నిటారుగా నిలబడి, తల పైకెత్తి, ఇంకో అగ్గిపుల్ల గీసింది.

"పరిగెత్తాల్సింది కదక్కా!" అన్నాను నేను, మొదటిసారి విన్నప్పుడు.

"పరిగెత్తడానికి కాళ్లు రావాలి కదే," అంది. "నాకు కాళ్లు కదలడం లేదు. అందుకే ఆలోచించే టైము దొరికింది. లేకపోతే వాళ్లకన్నా ముందు నేనే పోయేదాన్ని. నన్నేదో దేవతని చెయ్యకు."

గొయ్యి పక్కన మట్టి గంపలు లాగే తాడు ఉంది. మూడుసార్లు పైగాలి నిండా పీల్చి, ఊపిరి బిగబట్టి, కళ్లు మూసుకుని గొయ్యిలోకి దిగింది. చేతికి ముసలాయన భుజం తగిలింది. వెచ్చగా ఉంది. చంకల కింద నుంచి తాడు వేసి, నాన్న బొక్కెనకి వేసే ముడి వేసింది. చెవుల్లో హోరు. పైకెక్కి గాలి మింగింది. లాగింది. కదల్లేదు. మళ్లీ లాగింది. ఏడుస్తూ కొండని, సావేరియోని, పస్కాలేనీ కూడా తిట్టింది.

అప్పుడు సొరంగంలో ఎవరో పాకుతున్న చప్పుడు. సావేరియో తన నోరు మూయించడానికి తిరిగొచ్చాడనుకుంది. పారకోసం తడిమింది.

"ఎక్కడున్నాడు? నా ముసలోడు ఎక్కడున్నాడు?" కరోలినా గొంతు. నోట్లో టార్చిలైటు కరుచుకుని వచ్చింది.

"వంగకు పిన్నీ! నిలబడు, తల పైకెట్టు! తాడు పట్టుకో!"

ఇద్దరూ కలిసి లాగారు. డెబ్బై ఏళ్ల చేతుల్లో అంత బలం ఎలా వచ్చిందో తెలీదనేది ఎర్మెలిందా. పస్కాలేని సొరంగం పొడుగునా ఈడ్చుకొచ్చి వాకిట్లో పడేశారు. కాసేపటికి కక్కాడు, కళ్లు తెరిచాడు. పెళ్లాన్ని చూసి, "నా టోపీ ఏదే?" అన్నాడు. కరోలినా ఆయన చెంప మీద ఒక్కటిచ్చింది. తర్వాత ఆ చెంపే పట్టుకుని బావురుమంది.

సావేరియో కారు పక్కన నిలబడి కోటు దులుపుకుంటున్నాడు. వెనక తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఎర్మెలిందా ఎక్కింది. ఎక్కకుండా ఎలా ఉంటానే, తోటలో ఇంకో దారి లేదు అనేది. ఆయన ఊళ్లోకి తీసుకొచ్చాడు. వాళ్ల వీధి పేరు అడక్కుండానే సరిగ్గా గుమ్మం ముందు ఆపి, అప్పుడన్నాడు: "ఇవాళ మీరు ఎక్కడికీ రాలేదు. ఒంట్లో బాగోక ఇంట్లోనే ఉన్నారు. అవునా?"

"అవునండీ," అంది.

మర్నాడు పనికొచ్చింది. పొలం ఎలా ఉందని అడిగితే, "ఏం లేదే, పాత తొట్టి," అంది. నేను నమ్మాను, లేదా నమ్మడం సులువనిపించింది. కానీ మనిషి మారిపోయింది. కథ మధ్యలో ఆగిపోయేది. ఒంటరి మగవాడు ఎవరైనా టికెట్ల కిటికీ దగ్గర నిలబడితే స్తంభం చాటుకి పోయేది. ఇంట్లో మూడు గొళ్లాలు కొత్తగా వేయించింది. "దొంగలెత్తుకుపోవడానికి మనింట్లో ఏముంది, నేను తప్ప?" అని బ్రిజీదా ఎగతాళి చేసిందట. ఎర్మెలిందా ప్లేటు విసిరికొట్టింది. నలభై ఆరేళ్లలో ఆవిడ విసిరిన మొదటి ప్లేటు.

జూన్ చివర్లో కరోలినా గేటు దగ్గరికి వచ్చింది, నేరేడుపళ్లంత చిన్న ఆప్రికాట్లు బుట్టెడు తీసుకుని. నేను పక్కనే ఉన్నాను.

"అమ్మా, మళ్లీ దిగుతున్నారు," అంది. "గాలి గొట్టం తెచ్చారు. మా ఆయన్ని మళ్లీ దింపుతున్నారు. వద్దంటే నన్ను నోర్మూసుకోమంటాడు. ఆయనకీ వాళ్లంటే భయమే. నేనెవరితో చెప్పుకోను?"

ఎర్మెలిందా బుట్ట అందుకుంది. అది చేతుల్లో ఒరిగి పళ్లు రాళ్ల మీద దొర్లిపోయాయి. ముగ్గురం వంగి ఏరుకున్నాం. ఏరుతూ ఏరుతూ ఆవిడ నాకు మొత్తం చెప్పేసింది, నేలకేసి చూస్తూనే.

"ఇప్పుడు ఆఫీసుకి పోవాలి," అంది చివర్న. "నువ్వు నా చెయ్యి పట్టుకో తెరెజీనా. వదిలితే ఇంటికి పారిపోతాను. నిజం చెప్తున్నా, వదలకు."

పట్టుకున్నాను. తవ్వకాల ఆఫీసు వరండాలో బల్ల మీద రెండు గంటలు కూర్చున్నాం. మధ్యలో ఒకసారి లేచి మొక్కల్లో కక్కుకుంది. రెండుసార్లు "రేపొద్దామే" అంది. నేను చెయ్యి వదల్లేదు. లోపలికి పిలిచినప్పుడు మాత్రం ఆవిడే ముందు నడిచింది.

పోలీసులు ఆ మధ్యాహ్నమే తోటకి వెళ్లారు. తోరే దొరికాడు. పస్కాలే తనంతట తానే బయటికొచ్చి చేతులు చాపాడు, అంతా చెప్పేశాడు, ముసలితనం చూసి వదిలేశారు. సావేరియో లేడు. కూజా మనిషీ లేదు. నల్లటి గోడలో తలుపంత బొక్క. కొంగ మిగిలింది, మెడ సగానికి తెగి.

ఆ బొమ్మని చూసి, దాని గురించి చెప్పగలిగింది ఎర్మెలిందా ఒక్కర్తే. ఆఫీసులో బొమ్మలు గీసే ఆయన పక్కన మూడు రోజులు కూర్చుని చెప్పి గీయించింది. చెప్పు ఎంత వదులుగా ఉందో ఆయన నాలుగుసార్లు చెరిపి గీశాడు. ఆ కాగితం దేశదేశాల పోలీసులకి వెళ్లింది. బొమ్మ ఇప్పటిదాకా దొరకలేదు.

మూడేళ్లు గడిచాయి. 1984 శీతాకాలంలో ఒక పొద్దున ఎర్మెలిందా నేపుల్స్ వెళ్లే రైలెక్కింది, అమ్మకి మందులు కొనడానికి. పెట్టె నిండా జనం. కడ్డీ పట్టుకుని నిలబడింది. ఎదురు సీట్లోని మనిషి పేపరు మడిచి లేచాడు.

"కూర్చోండి ప్రొఫెసరమ్మ గారూ," అన్నాడు.

కూర్చుంది. సావేరియో ఆవిడ పక్కనే కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు, కోటు ఆవిడ మోకాలికి తగులుతూ. బయటికి, సముద్రం కేసి చూస్తున్నాడు. రెండు స్టేషన్లు దాటాయి. అరిస్తే పెట్టెలో యాభై మంది ఉన్నారు. అరుపు రాలేదు.

మూడో స్టేషన్లో తలుపులు మూసుకునే ముందు లేచి దిగిపోయింది. రైలు కదిలింది. అద్దం వెనక నుంచి ఆయన చూస్తూనే ఉన్నాడు. ప్లాట్‌ఫారం మీద ఫోను ఉంది. ఫోనుకి వేసే బిళ్ల కన్నంలో దూర్చడానికి ఐదుసార్లు ప్రయత్నించింది. పోలీసులతో ఆవిడ అన్న మాటలు వాళ్లు తర్వాత నాకు చెప్పారు: "నా పేరు ఎర్మెలిందా లాంజెల్లా. నాకు చాలా భయంగా ఉంది. త్వరగా రాసుకోండి." రైలు, పెట్టె, కోటు రంగు, అన్నీ చెప్పింది. తర్వాత అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. స్టేషన్ మాస్టరు కాఫీ తెచ్చిచ్చాడట.

నేపుల్స్‌లో రైలు దిగుతుంటే సావేరియోని పట్టుకున్నారు. కోర్టులో సాక్ష్యం చెప్పేటప్పుడు ఎర్మెలిందా గొంతు ఎవరికీ వినపడలేదు. జడ్జి ప్రతి మాటా రెండోసారి చెప్పించుకున్నాడు. అన్నీ రెండుసార్లూ ఒకేలా చెప్పింది. నాలుగేళ్లు వేశారు.

"ఇంకేం అక్కా, హాయిగా పడుకో," అన్నాను.

"ఇప్పుడు ఇంకా భయం తెరెజీనా. వాడు బయటికొచ్చే తారీకు నాకు తెలుసు కదా."

ఆ తారీకు నేనూ రాసిపెట్టుకున్నాను. నాలుగేళ్లకి ఆ రోజు వచ్చేసరికి ఆవిడకి డెన్మార్కు నుంచి వచ్చిన ముసలి దంపతులు పనికి కుదిరారు. నేను ఒంట్లో బాలేదని ఆఫీసులో చెప్పి, ఆవిడకి తెలీకుండా పొద్దుట్నించీ వంద అడుగుల వెనక నడిచాను. వీధి వీధీ, ఇల్లు ఇల్లూ. ఎండ మాడ్చేసింది. ఎవరూ రాలేదు. సావేరియో స్విట్జర్లాండు వెళ్లిపోయాడని తర్వాత విన్నాం.

డెన్మార్కు వాళ్లని పంపించేసి ఎర్మెలిందా గేటు దగ్గర గోడ మీద కూర్చుంది. నేను అప్పుడే వచ్చినట్టు పక్కన చేరాను.

"పొద్దుట్నించీ నా వెనకాలే ఉన్నావు కదూ?" అంది.

"నీకెలా తెలుసు?"

"మూల తిరిగేటప్పుడు నీ టోపీ కనపడింది, పదింటికి. అంతకుముందు గంటసేపు వినపడుతున్న అడుగులు వాడివే అనుకున్నానే, పాపిష్టిదానా. చచ్చి బతికాను." చెమట తుడుచుకుంది. "అయినా ఆ డెన్మార్కు ముసలావిడ పాతకాలం బేకరీ చూస్తానంటే తీసుకెళ్లి మొత్తం చూపించాను. తిరగలి ఎలా తిప్పేవాళ్లో కూడా చెప్పాను."